తొడిగి విప్పిన చొక్కా

ఆ ఏడు శ్రావణం ఇంకా రాకముందే ముసురు పట్టుకుంది. ఎండ పొడ లేదు. నీళ్ళలోకి గాలి చిలికే ఏరియేటర్లు కాసేపు ఆగితే చాలు రొయ్య పైకి తేలిపోతుందని మొగల్తూరు చుట్టుపక్కల రైతులమంతా చెరువు గట్ల మీదే కాపురం పెట్టాం. సరిగ్గా అప్పుడే మా ఆక్వా రైతుల సంఘం ఆఫీసు స్లాబు కారడం మొదలెట్టింది. అందులో దాచిన పురిటి పెట్టెల సరుకంతా తడిసిపోతుందని వ్యానులో వేయించి మా ఇంటికి తోలించాను. ఆ ఒక్క పనితో నా ఇంట్లో నాకు మంచినీళ్ళిచ్చే దిక్కు లేకుండా పోయింది.

ఆ పెట్టెల ఆలోచన నాదే లెండి. పెద్దాసుపత్రిలో కాన్పయిన ప్రతి తల్లికీ మా సంఘం తరఫున ఒక పెట్టె ఇవ్వాలని. అందులో దోమతెర ఉన్న చిన్న పరుపు, మెత్తటి తువ్వాలు, ఒంటికి రాసే నూనె, సబ్బు, టోపీ, చొక్కాలు. పంద్రాగస్టు నాడు జెండా ఎగరేశాక పంచాలని తీర్మానం. కార్యదర్శిని నేనే కాబట్టి అన్నీ దగ్గరుండి చూసుకుంటున్నాను. రొయ్యల మేత తప్ప ఇంకోటి కొనడం తెలియని నాకు, పిల్లల టోపీల్లో కూడా సైజులుంటాయని అరవై దాటాక తెలిసింది.

వ్యాను ఆగగానే మా ఆవిడ సుబ్బాయమ్మ వీధరుగు మీదికొచ్చి నిలబడింది.

“ఏంటండీ ఇవి?”

“పెట్టెలు.”

“పెట్టెలని నాకూ కనపడుతోంది. లోపలేంటి?”

“పిల్లల సామాన్లు. పంచడానికి.”

“ఇంట్లో కడుపుతో ఉన్న పిల్లని పెట్టుకుని బండెడు పిల్లల బట్టలు గుమ్మంలోకి తెస్తారా? మతిగానీ పోయిందా మీకు?”

నాలిక్కరుచుకున్నాను. నిజంగానే నాకు తట్టలేదు.

తెలియనివాళ్ళకి చెబుతున్నాను. మా వైపు బిడ్డ భూమ్మీద పడకముందు ఆ బిడ్డ కోసం గుడ్డముక్క కూడా కొనరు. పుట్టాక కూడా పురుడు వెళ్ళేదాకా కొత్తబట్ట ముట్టించరు. మొదట తొడిగేది పాతదే అవ్వాలి. అదీ, పిల్లలు బతికి బట్టకట్టిన ఇంటి నుంచి అడిగి తెచ్చుకున్నదై ఉండాలి. నేను డిగ్రీ చదివినవాణ్ణి కాబట్టి ఇవన్నీ నమ్మనని పైకి అంటూండేవాణ్ణి.

రెండేళ్ళ కిందట మా అబ్బాయి హర్ష, భార్య ఏడో నెలలో ఉండగా విజయవాడ నుంచి సంచెడు పిల్లల బట్టలు తెచ్చాడు. “ఈ రోజుల్లో కూడా ఇవేంటమ్మా” అని తల్లిని ఆటపట్టించాడు. నేనూ వాడికే వంతపాడాను. నెలలు నిండి పుట్టిన ఆడపిల్ల ఆ సాయంత్రం దాకా కూడా లేదు. గుండెలో లోపం ఉందన్నారు డాక్టర్లు. బట్టలకీ దానికీ ఏ సంబంధమూ లేదని ఇంటిల్లిపాదికీ తెలుసు. తెలిసినా ఆ సంచి మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. సుబ్బాయమ్మ ఒక్కసారైనా కొడుకుని పల్లెత్తు మాట అనలేదు. అంటే బాగుండునని హర్ష ఒకసారి నాతో అన్నాడు.

ఇప్పుడు మా కోడలు హైమకి మళ్ళీ ఏడో నెల. స్కానింగులన్నీ శుభ్రంగా ఉన్నాయన్నారు. అయినా ఆ పిల్ల నోట ‘పుట్టాక’ అన్న మాట రాలేదు. వచ్చే చెకప్ ఎప్పుడమ్మా అంటే చెప్పేది. ఆ తర్వాత సంగతి ఎవరైనా ఎత్తితే లేచి అవతలికి వెళ్ళిపోయేది. ఊయల ఎక్కడ కడతారే అని వాళ్ళమ్మ ఫోన్లో అడిగితే, జవాబు చెప్పకుండా ఫోను తెచ్చి అత్తగారి చేతికిచ్చేసింది. ఇంజనీరింగు చదివిన పిల్ల, మా ఇంటికొచ్చిన కొత్తలో మా చెరువుల లెక్కలన్నీ కంప్యూటర్లో పెట్టి నన్ను పరుగులు పెట్టించిన పిల్ల, ఇప్పుడు రేపటి మాటంటేనే భయపడుతోంది. కాన్పు సంగతి అటుంచి, ముందు ఈ పిల్ల మనసు ఏమైపోతుందోనని నాకు బెంగ పట్టుకుంది.

అలాంటి ఇంటికి పెట్టెలు తెచ్చానన్నమాట. సుబ్బాయమ్మ వాటిని గడప దాటనివ్వలేదు. పశువుల్ని అమ్మేశాక ఖాళీగా పడున్న సావిట్లో పెట్టించి, పైన టార్పాలిన్ కప్పించింది.

“ఆ పిల్ల కంటబడ్డాయో, మీ సంఘం సంగతి తేలుస్తాను,” అంది.

“ఆయ్, అలాగే,” అన్నాను.

కంటబడకుండా ఎలా ఉంటాయి? పెరటి తలుపు తీస్తే ఎదురుగా సావిడే.

పెట్టెలు మడత అట్టలుగా వచ్చాయి. వాటిని నిలబెట్టి, సామాను సర్ది, టేపు వెయ్యాలి. సంఘంలో వాళ్ళంతా చెరువుల మీద ఉన్నారు. ఇక ఎవరున్నారు, నేనే. ఒక మధ్యాహ్నం సావిట్లో పీట వేసుకుని కూర్చుని, పిల్లల చొక్కా మడత పెట్టలేక నానా అగచాట్లూ పడుతున్నాను. ఎటు మడిచినా ఒక చెయ్యి బయటికొచ్చేస్తోంది. వెనక నుంచి ఎవరో కిసుక్కున నవ్వారు. చూస్తే హైమ.

“మావయ్య గారూ, అది చొక్కా అండి. తామరాకులో బజ్జీలు చుట్టినట్టు చుడుతున్నారు.”

ఆ నవ్వు విని ఎన్నాళ్ళయిందో నాకు గుర్తులేదు. ఆ పిల్ల ఇంకో పీట లాక్కుని కూర్చుని, నా చేతిలోది తీసుకుని, చేతులు రెండూ లోపలికి పెట్టి చక్కగా మడిచింది. మడిచి పెట్టెలో పెట్టింది. ఇంకోటి తీసుకుంది.

పెరటి గుమ్మంలో సుబ్బాయమ్మ. కేకలేస్తుందనుకున్నాను. చాలాసేపు అలాగే చూసి లోపలికి వెళ్ళిపోయింది. కాసేపటికి రెండు ప్లేట్లలో వేడి వేడి పెసరట్లు తెచ్చి మా మధ్య పెట్టింది.

“నడుం నొప్పెడుతుంది, ఆ గోడకి ఆనుకుని కూర్చోమ్మా,” అంది కోడలితో. నా వైపు చూడను కూడా చూడలేదు. నాకు మాత్రం అల్లం పచ్చడి వెయ్యలేదు.

అక్కడి నుంచి రోజూ మధ్యాహ్నం మాకదే పని. బయట వాన, లోపల టేపు చప్పుడు. హైమ మాట్లాడేది. చిన్నప్పుడు భీమవరంలో వాళ్ళ నాయనమ్మ గారింటి కబుర్లు, కాలేజీ కబుర్లు. ఈ పెట్టె ఎవరికి వెళ్తుందో అనేది. కవల పిల్లలు పుడితే ఒక పెట్టె ఇస్తారా, రెండా అని అడిగేది. అన్నీ ఊళ్ళో పిల్లల గురించే. తన గురించి ఒక్క ముక్క లేదు. అయినా నాకదే చాలనిపించింది.

పంద్రాగస్టు ఇంకో రెండు రోజులుందనగా పని అయిపోయింది, ఒక్క పెట్టె తప్ప. కొట్టువాడు చొక్కాలు తక్కువ పంపాడు. భీమవరం వెళ్ళి తెద్దామంటే దారిలో కాలవ పొంగి రోడ్డు మునిగింది.

“పోనీలెద్దూ, ఈ ఒక్కటీ చొక్కా లేకుండానే ఇద్దాం. అందులో మిగతావన్నీ ఉన్నాయిగా,” అన్నాను.

హైమ లేచి ఇంట్లోకి వెళ్ళింది. తిరిగొచ్చేసరికి చేతిలో ఒక సంచి. ఆ సంచిని నేను గుర్తుపట్టాను. విజయవాడ సంచి. ఇన్నాళ్ళూ తన బీరువాలోనే, చీరల అడుగున దాచుకుందన్నమాట. అందులోంచి లేత పసుపు చొక్కా ఒకటి తీసింది. జేబు మీద నీలం దారంతో కుట్టిన చేప. రొయ్యల రైతు ఇంటి బిడ్డకి చేప చొక్కా అని అప్పట్లో హర్ష తెగ మురిసిపోయాడు.

సుబ్బాయమ్మ వెనకే పరిగెత్తుకొచ్చింది.

“వద్దు తల్లీ. ఎవరో కన్న బిడ్డకి ఈ బట్ట ఎలా వేయిస్తాం? తెలిస్తే వాళ్ళేమనుకుంటారు?”

“తెలియకుండా ఇవ్వనండి. చెప్పే ఇస్తాను.”

“చెబితే ఎవరు పుచ్చుకుంటారమ్మా?”

“పుచ్చుకోకపోతే వెనక్కి తెచ్చేస్తాను, అత్తయ్య గారూ. పారెయ్యలేకపోతున్నానండి. దాచుకోలేకపోతున్నాను. బీరువా తెరిచినప్పుడల్లా...”

సుబ్బాయమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఎవరిది తప్పో, ఎవరిది ఒప్పో నాకు తెలియలేదు. సుబ్బాయమ్మ మాటలో న్యాయం ఉంది. కోడలి మాటలో అంతకంటే ఉంది. నేను టేపు చివర ఎక్కడుందో గోరుతో వెతుక్కున్నాను.

పంద్రాగస్టు నాడు హైమ ఆసుపత్రికి వస్తానంది. ఎనిమిదో నెలలో ఆసుపత్రి వార్డులేంటని సుబ్బాయమ్మ మొత్తుకుంది. చివరికి తనూ కారెక్కి కూర్చుంది.

వార్డులో ఉన్న తల్లులందరికీ పెట్టెలిచ్చాం. ఫోటోలు తీశారు, సంఘం అధ్యక్షుడు మాట్లాడాడు, చప్పట్లు కొట్టారు. అయితే ఒకటి గమనించాను. పెట్టె పుచ్చుకున్న ప్రతి తల్లీ దణ్ణం పెట్టి, దాన్ని విప్పకుండానే మంచం కిందకి తోసేస్తోంది. పిల్లలంతా పాత చీర ముక్కల్లోనే ఉన్నారు. మా సుబ్బాయమ్మ నా వైపు చూసి కళ్ళెగరేసింది. ఆ చూపుకి అర్థం చెప్పక్కర్లేదు.

కిటికీ పక్క మంచం మీద రూతు. మా చెరువుల్లో రొయ్యల పట్టుబడికి వచ్చే అబ్రహాము భార్య. ముందు రోజే ఆడపిల్ల పుట్టింది. పక్కన అత్తగారు సూరమ్మ కూర్చుని పిల్లకి విసురుతోంది. చొక్కా ఉన్న పెట్టెని హైమ తనే మోసుకెళ్ళి ఆ మంచం మీద పెట్టింది. అందరిలా దాటిపోకుండా, చివర కూర్చుంది.

“ఇందులో పసుపు చొక్కా ఒకటుందమ్మా. అది మా పాప కోసం కొన్నాం. పాప దక్కలేదు. ఒక్కసారి కూడా తొడగలేదు దాన్ని. నీకిష్టమైతేనే ఉంచుకో. లేకపోతే ఇచ్చెయ్యి, నేనేమీ అనుకోను.”

సూరమ్మ విసనకర్ర ఆగిపోయింది.

“ఇదేం మాటండీ అమ్మగారూ! పోయిన పిల్ల బట్ట తెచ్చి పచ్చి బాలింతరాలి మంచం మీద పెడతారా? మేం లేనోళ్ళమైతే మాత్రం?”

వార్డంతా మా వైపు తిరిగింది. నాకు తల కొట్టేసినట్టయింది. సుబ్బాయమ్మ ముందుకొచ్చి హైమ భుజం పట్టుకుని, “పద తల్లీ, పోదాం,” అంది. సూరమ్మని తప్పుపట్టడానికేముంది? రెండు రోజుల కిందట మా ఇంట్లో మా ఆవిడ అన్నదీ ఆ మాటే.

రూతు మాత్రం హైమ పొట్ట వైపు చూస్తోంది.

“మీకిప్పుడు ఎన్నో నెలండి?”

“ఎనిమిది.”

“ఆ పాప తొడుక్కోలేదు కదండి. అయితే ఇది ఆ పాపదెలా అవుతాది? ఎవరూ తొడుక్కోని కొత్త చొక్కా.” అత్తగారి వైపు తిరిగింది. “ఉండనీ అత్తా. పురుడెళ్ళాక తొడుగుదాం.”

“నా చేత్తో నేను తొడగను,” అంది సూరమ్మ, మొహం కిటికీ వైపు తిప్పేసుకుని.

“తొడక్కపోయినా ఫర్వాలేదమ్మా,” అంది హైమ. పెట్టె అక్కడే ఉంచి లేచింది. కారులో ఇంటిదాకా అద్దం మీద వాన చూస్తూ కూర్చుంది ఆ పిల్ల. మర్నాటి నుంచి సావిట్లోకి రాలేదు. రావడానికి అక్కడ ఇంకేముంది, ఖాళీ టార్పాలిన్ తప్ప. పొద్దస్తమానం గదిలోనే పడుకునేది. ఆసుపత్రికి తీసుకెళ్ళి పొరపాటు చేశామా అని నేనూ హర్షా గట్టు మీద కూర్చుని తలలు పట్టుకున్నాం.

వినాయక చవితి వెళ్ళింది. పెద్ద చెరువు పట్టుబడి పడింది. ఐసు లారీలు, కాటాలు, వలలు, ఆ హడావుడిలో ఇంటి మొహం చూడలేదు నేను. పట్టుబడికి అబ్రహాము వచ్చాడు. పిల్ల ఎలా ఉందిరా అంటే, “దేవుడి దయండి, బాగుందండి,” అన్నాడు. చొక్కా సంగతి అడుగుదామని నోటిదాకా వచ్చింది. తొడగలేదంటే ఇంటికెళ్ళి హైమ మొహం ఎలా చూడాలి? అడగలేదు.

ఆ తర్వాత వారం తిరక్కుండానే ఒక పొద్దున్న హైమకి నొప్పులు మొదలయ్యాయి. డాక్టరమ్మ చెప్పిన తేదీకి ఇంకా టైముంది. హర్ష కారు తీశాడు. భీమవరం దాకా ఆ పిల్ల కళ్ళు మూసుకుని, అత్తగారి చెయ్యి పట్టుకుని కూర్చుంది. నేను ముందు సీట్లో కూర్చుని తెలిసిన దేవుళ్ళకల్లా మొక్కాను. నమ్మనన్నవన్నీ నమ్మాను ఆ రోజు. పెట్టెలు ఇంటికి తెచ్చినందుకు నన్ను నేను తిట్టుకున్నాను కూడా.

మధ్యాహ్నానికి ఆడపిల్ల పుట్టింది. కెవ్వుమని ఏడ్చింది. ఆ ఏడుపు వరండాలోకి వినబడగానే హర్ష గోడకి మొహం ఆనించి చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు. నేనూ ఏడ్చాను, దాచుకోవడమెందుకు. పిల్లల డాక్టరు వచ్చి, అన్ని పరీక్షలూ చేసి, గుండె శుభ్రంగా ఉందని చెప్పేదాకా సుబ్బాయమ్మ మాత్రం వరండాలో బల్ల మీద నుంచి కదల్లేదు.

హైమని గదిలోకి తెచ్చాక నర్సు పిల్లని తువ్వాల్లో చుట్టి తెచ్చింది.

“పాపకి బట్టలు తెచ్చారాండి?”

హర్షా నేనూ మొహాలు చూసుకున్నాం. ఇంట్లో ఒక్క గుడ్డముక్క కొనలేదు కదా. ఊరంతటికీ పెట్టెలు పంచిన పెద్దమనిషి మనవరాలికి తొడగడానికి చొక్కా లేదు. హైమ కళ్ళు మూసుకునే ఉంది. పిల్ల వైపు ఇంకా సరిగ్గా చూడనే లేదు.

“తెచ్చాను,” అంది సుబ్బాయమ్మ.

తన చేతిసంచిలోంచి నా పాత పంచె ముక్క తీసింది. దాని మడతలోంచి ఇంకోటి తీసింది. పసుపు చొక్కా. రంగు బాగా వెలిసింది. మెడ దగ్గర పాల మరక. తాడు ఒకటి తెగితే వేరే రంగు గుడ్డ పీలికతో కుట్టారు. జేబు మీద చేపకి తోక దారం ఊడిపోయింది.

హైమ కళ్ళు తెరిచింది. చూసింది. మోచేతుల మీద లేవబోయింది.

“అత్తయ్య గారూ, ఇది...”

“అడిగి తెచ్చుకున్నానమ్మా.”

“ఎప్పుడెళ్ళావు?” అన్నాను నేను, నోరెళ్ళబెట్టి.

“మీరు పట్టుబడిలో ఉన్న రోజు. ఆటో కట్టించుకుని వెళ్ళాను. ఇంకెవరిని అడగను చెప్పండి? ఈ చుట్టుపక్కల మన వాళ్ళిళ్ళలో ఉయ్యాల్లో పిల్ల ఎక్కడుంది?”

రూతు వాళ్ళుండేది పేటలో, కాలవ అవతల. మా ఇంటి ఆడవాళ్ళు ఆ వంతెన దాటి ఆ వీధిలోకి వెళ్ళడం నా ఎరికలో లేదు. వెళ్ళి ఒకరి గుమ్మంలో నిలబడి చెయ్యి చాచడం అసలే లేదు. సుబ్బాయమ్మ అదేమంత పెద్ద విషయం కానట్టు పంచె ముక్క పరుస్తూ చెబుతోంది.

“సూరమ్మ కుర్చీ వేసింది. టీ ఇచ్చింది, తాగాను. మా కోడలికి నెలలు దగ్గర పడ్డాయి, మీ ఇంటి నుంచి ఒక పాతబట్ట ఇస్తావా అని అడిగాను. ఏదో ఒకటి ఇస్తుందిలే అనుకున్నాను. లోపలికెళ్ళి ఇది పట్టుకొచ్చింది.”

“తొడిగారా దీన్ని?” హైమ గొంతు వినీ వినబడనట్టుంది.

“తొడక్కపోతే ఇలా వెలుస్తుందా? పురుడెళ్ళిన రోజున సూరమ్మే తొడిగిందట. అక్కడి నుంచి ఉతకడం, మళ్ళీ అదే తొడగడం. ఆ పిల్లకి అందులోనే నిద్ర పడుతుందట.”

“మరి ఇచ్చేస్తే ఆ పాపకి?”

“ఆవిడ గారికి ఇంకెక్కడ పడుతుందమ్మా! ఒళ్ళు చేసి అడ్డంగా ఎదిగిపోయింది. చేతులు దూర్చబోతే దూరలేదు. నా కళ్ళారా చూశాను. తొడ మీద మడతలు చూడాలి నువ్వు.”

హైమ అప్పుడు చేతులు చాచింది. సుబ్బాయమ్మ పిల్లని అందించింది. చొక్కా తొడగబోతే నర్సు సాయం వచ్చింది గానీ, హైమ వద్దంది. ఒక్కో చెయ్యీ తనే మెల్లగా దూర్చింది. తాళ్ళు తనే ముడేసింది. మా పిల్ల కొద్దిగా ముందొచ్చిందేమో, బొత్తిగా బక్కపిల్ల. చొక్కా కాళ్ళ దాకా వచ్చింది. చేతులు లోపలెక్కడో ఉండిపోయాయి. చేప వచ్చి బొజ్జ కింద కూర్చుంది.

“మరీ లూజుగా ఉందిరా,” అన్నాను హర్షతో. ఏదో ఒకటి అనకపోతే మళ్ళీ ఏడ్చేలా ఉన్నాను.

హైమ పిల్ల చొక్కా చేతుల్ని ఒకటికి రెండు మడతలు పైకి మడిచింది. లోపలున్న పిడికిలి వెతికి బయటికి తీసింది. దాన్ని చూస్తూనే అంది:

“ఇప్పుడలాగే ఉంటుందండి. నెల తిరిగేసరికి దీనికీ పట్టదు.”